ఊరి పాత పేరు అడగండి

ఏథెన్స్‌లో విమానం దిగి పార్థినాన్ ఆలయం చూడాలని ఆత్రంగా బయలుదేరే మనవాళ్లలో చాలామందికి, తాము మొదట కాలు పెట్టింది ఏ ఊరి నేల మీదో తెలియదు. 2001లో తెరిచిన ఆ విమానాశ్రయం స్పాతా అనే ఊరి పొలాల్లో ఉంది. ఆరువందల ఏళ్ల కిందట అల్బేనియన్ భాష మాట్లాడుతూ వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరు అది. వాళ్లను ఆర్వానితులు అంటారు. ఏథెన్స్ చుట్టూ ఉన్న ఆటికా ప్రాంతంలో, పక్కనున్న బియోషియాలో, యూబియా దక్షిణ భాగంలో, హైడ్రా, స్పెత్సెస్, సలమీస్ దీవుల్లో వాళ్ల ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

నేను విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి పదవీవిరమణ చేశాను. మావారు వాణిజ్య ఓడల్లో ఇంజనీరు. ఒక వేసవి సెలవుల్లో నేనూ ఆయనతో ఓడ ఎక్కాను. ఏథెన్స్ ఓడరేవు పిరయస్ పక్కన పెరామాలో ఆ ఓడ మరమ్మతు కోసం ఐదు వారాలు ఆగిపోయింది. ఆయన ఇంజను గదిలో ఉండేవారు, నేను ఊళ్లు తిరిగేదాన్ని. ఇప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఓడల్లో, కొందరు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. ‘టీచర్ గారూ, అలాంటి ఊరికి వెళితే ఏం చూడాలి, ఎలా అడగాలి?’ అంటూ ఫోన్లు చేస్తుంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు పాత పేరు అడగండి. పటంలో ఉన్న పేరుతో తృప్తిపడవద్దు. గ్రీకు ప్రభుత్వం 1909లో ఊళ్ల పేర్లను పరిశీలించడానికి ఒక సంఘాన్ని వేసింది. గ్రీకు కానివిగా తోచిన పేర్లను తీసేసి, దగ్గర్లో ఏదైనా ప్రాచీన పట్టణం ఉండి ఉంటే దాని పేరు పెట్టారు. అలా మెనిదీ ఆఖర్నెస్ అయింది. నేను భోజనానికి వెళ్లిన లియోపెసి 1915లో పయానియా అయింది. ప్రాచీన కాలపు మహావక్త డెమోస్తనీస్‌ది పయానియా, అందుకని ఆ పేరు. బోర్డు మీద డెమోస్తనీస్ ఊరు, ముసలివాళ్ల నోట్లో లియోపెసి. ఆ రెండు పేర్ల మధ్య ఉన్నదే ఆ ఊరి చరిత్ర.

పాత పేరు దొరికాక దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకోండి. ఇది మనకు ఉన్న సౌకర్యం. గ్రీకు లిపిలో ‘ష’ లేదు, ఆ ధ్వని వచ్చిన ప్రతిచోటా ‘స’ రాస్తారు. స్పాతాను ‘ష్పాతా’ అని రాసి చూడండి. అల్బేనియన్‌లో ఆ మాటకు కత్తి అని అర్థం, ఎపిరస్ ప్రాంతాన్ని ఏలిన ఒక వంశం పేరు కూడా అదే. ఆ పేరు మోసుకొచ్చినవాళ్లే ఊరికి పెట్టుకున్నారు. క్రియెకూకి అని మరో ఊరు ఉంది. ‘క్రియె’ అంటే తల, ‘కుక్’ అంటే ఎరుపు. ఎర్రతల! ఇప్పుడు దాని పేరు ఎరిథ్రెస్. గ్రీకులో ‘ఎరిథ్రోస్’ అన్నా ఎరుపే. ఇది చూసి పాత పేరుకు అనువాదం చేశారని సంబరపడకండి. దగ్గర్లో ఎరిథ్రయ్ అనే ప్రాచీన పట్టణం ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టారు, అంతే. ఇంటిపేర్లనూ ఇలాగే వినండి. గికాస్, లెక్కాస్, గినిస్ లాంటివి వినిపిస్తే చెవులు రిక్కించండి. క్రియెజిస్ అంటే ‘నల్లతల’. హైడ్రా దీవికి చెందిన ఆంతోనియోస్ క్రియెజిస్ 1849 నుంచి 1854 వరకు గ్రీసు ప్రధానమంత్రిగా ఉన్నాడు.

తర్వాత అడగవలసిన ప్రశ్న ‘ఎప్పుడు వచ్చారు’ అన్నది కాదు. ‘ఎవరు పిలిచారు’ అని అడగాలి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను దీని మీదే ఎక్కువసేపు నిలబడేదాన్ని. వలస అనగానే దండయాత్రో, తరిమివేతో గుర్తుకొస్తుంది. ఇక్కడ కథ ఎక్కువగా శిస్తు కాగితాల్లో ఉంది. 1347-48లో వచ్చిన మహా ప్లేగు, ఎడతెగని యుద్ధాలు ఆ నేలను ఖాళీ చేశాయి. దున్నేవాడు లేడు, పన్ను కట్టేవాడు లేడు. అప్పుడు ఏథెన్స్ స్పెయిన్ వైపు నుంచి వచ్చిన కటలాన్‌ల ఏలుబడిలో ఉండేది. వాళ్ల ప్రభువు, ఆరగాన్ రాజు నాలుగో పేతురు, 1382లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు: వచ్చి స్థిరపడే గ్రీకులకు, అల్బేనియన్లకు రెండేళ్లు పన్ను మాఫీ. 1402లో వెనిస్ పాలకులు యూబియా దీవికి ఇలాంటి కబురే పంపారు. గుర్రాలతో రండి, బీడు భూములు ఇస్తాం, పన్ను అడగం అన్నారు. గ్రీసు దక్షిణాన ఉన్న పెలొపొనీస్ పాలకుడు మొదటి థియొడోర్ 1390ల్లో సుమారు 10,000 మందిని తన రాజ్యంలోకి రానిచ్చాడని, అతను చనిపోయాక అతని అన్న, బైజాంటైన్ చక్రవర్తి మాన్యుయెల్ చేసిన సంస్మరణ ప్రసంగంలో ఉంది. వాళ్లు ఆలుబిడ్డలతో, మందలతో వచ్చి నిలబడ్డారట.

అలా వచ్చినవాళ్లు ఒక్కరొక్కరుగా రాలేదు. బంధువుల గుంపులుగా, ఒక పెద్ద వెనుక కదిలివచ్చారు. ఆ గుంపును ‘కతుంద్’ అనేవారు. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ అధికారులు పన్నుల చిట్టాలు రాసుకున్నప్పుడు అలాంటి గుంపులను చాలాచోట్ల పెద్దమనిషి పేరుతోనే నమోదు చేశారు. మందతో తిరిగే గుంపు ఒకచోట నిలిచి, గోధుమా ద్రాక్షా వేసుకున్నాక, ఆ మనిషి పేరే ఊరి పేరైంది. అందుకే ఆటికాలో ఒక ఊరి పేరు విన్నప్పుడు ‘ఇది చోటు పేరా, మనిషి పేరా’ అని మీ పుస్తకంలో ఒక గడి గీసుకోండి.

ఇక వంటింటికి వెళ్లండి. ఊరి చరిత్ర గుడి ముందు అరుగు మీద కూర్చున్న మగవాళ్లు చెబుతారు. ఊరి భాష మాత్రం పొయ్యి దగ్గర ఉంటుంది.

మా ఓడ పనిలో ఉన్న ఒక వెల్డరు ఆదివారం తన తల్లి ఇంటికి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. హైమెటస్ కొండకు తూర్పు వైపు, మెసోగియా మైదానంలో లియోపెసి. ఆ మామ్మ వయసు ఎనభై దాటి ఉంటుంది. నల్ల బట్టలు, నల్ల తలగుడ్డ. గుండ్రటి రొట్టెను గుండెలకు ఆనించుకుని, కత్తిని తన వైపే లాగుతూ ముక్కలు కోసింది. నాకు ముక్క అందిస్తూ ‘ప్సొమి’ అంది. గ్రీకులో రొట్టె. పక్కనే కూర్చున్న చెల్లెలికి అదే రొట్టె అందిస్తూ, గొంతు కాస్త తగ్గించి, ‘బుక్’ అంది. అది ఆర్వానితిక, అంటే ఆర్వానితుల నోట్లో మిగిలిన అల్బేనియన్. మనం ‘బుక్కెడు బువ్వ’ అంటాం కదా, నా ఒళ్లు జలదరించింది. మంచినీళ్ల గ్లాసు పెడుతూ ‘నెరో’ అంది, నాకు ‘నీరు’ అని వినిపించింది. చెల్లెలితో మాత్రం ‘ఉయ్’ అంది.

ఆ రాత్రి ఓడకు తిరిగి వచ్చి ఆ మాటలన్నీ వరుసగా రాసుకున్నాను. మన భాషకూ వాళ్ల భాషకూ చుట్టరికం కనిపెట్టినట్టే అనిపించింది. ఇంటికి వచ్చాక ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివితే తేలింది వేరు. గ్రీకు ‘నెరో’ పాత గ్రీకులో తాజా అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. మన నీరుతో దానికి సంబంధం లేదు, బుక్కెడుకూ బుక్‌కూ లేదు. కాబట్టి ధ్వని కలిసిందని చరిత్ర రాయకండి. నిజంగా కలిసేవి వేరేచోట ఉంటాయి. మామ్మ నాకు ఆర్వానితికలో అంకెలు నేర్పింది: ఞె, ది, త్రి, కాతర్, పెస. అల్బేనియన్‌దీ, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘త్రి’దీ ఒకే పెద్ద భాషాకుటుంబం కాబట్టి ఆ ‘త్రి’ వట్టి పోలిక కాదు. రొట్టె, నీళ్లు, నిప్పు, అమ్మ, ఒకటి నుంచి పది వరకు అంకెలు... ఈ మాటలు గ్రీకు, ఆర్వానితిక రెండింట్లోనూ అడిగి రాసుకుంటే చాలు.

ఆ గొంతు తగ్గడం కూడా రాసుకోండి, అది ముఖ్యం. ఆర్వానితిక రాసుకునే భాష కాదు, బడిలో చెప్పే భాషా కాదు. మామ్మ మనవరాలు ఇంగ్లిష్‌లో నాకు వివరించింది: నానమ్మ మాట్లాడుతుంది, నాన్నకు అర్థమవుతుంది, నాకు తిట్లూ అంకెలూ తెలుసు. మూడు తరాల్లో ఒక భాష ఎలా వెనక్కి నడుస్తుందో ఆ బల్ల దగ్గరే చూశాను. గ్రీసు జనాభా లెక్కల్లో మాతృభాష గురించి చివరిసారి అడిగింది 1951లో. ఆ తర్వాత లెక్క ఇళ్లలోనే మిగిలింది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకండి. భోజనం మధ్యలో, తెలుసుకోవాలన్న ఉత్సాహం కొద్దీ, ‘అయితే మీరు అల్బేనియన్లా?’ అని అడిగాను. బల్ల దగ్గర ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఆ వెల్డరు నెమ్మదిగా, కోపం లేకుండా, ‘మేము ఆర్వానితులం, అంటే గ్రీకులం’ అన్నాడు. గ్రీకులో ఈ రెండింటికీ రెండు మాటలున్నాయి. అల్బేనియా దేశస్థుడు ‘అల్వనోస్’, ఈ ఊరివాడు ‘ఆర్వానితిస్’. 1990ల మొదట్లో అల్బేనియాలో ప్రభుత్వం మారి, అక్కడివాళ్లు పని వెతుక్కుంటూ వేల సంఖ్యలో గ్రీసుకు వచ్చాక ఈ తేడా ఇంకా పట్టింపు అయింది. పైగా ఆర్వానితులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. 1821 స్వాతంత్ర్య పోరాటంలో సముద్రం మీద గ్రీకుల బలంలో పెద్ద పాలు హైడ్రా, స్పెత్సెస్ దీవుల ఓడలదే. హైడ్రా నావికాధిపతి ఆంద్రెయాస్ మియవులిస్, ఆగమెమ్నాన్ అనే ఓడ కట్టించి స్పెత్సెస్ నుంచి యుద్ధానికి దిగిన లస్కరీనా బుబులీనా ఈ జనంలోని వాళ్లే. గ్రీసు కోసం నెత్తురు ధారపోసినవాళ్ల మనవలను పట్టుకుని ‘మీరు ఎవరు’ అని మనం తేల్చకూడదు. భాష ఏమిటో అడగండి. తాము ఎవరో వాళ్లను చెప్పనివ్వండి. విన్నది విన్నట్టు రాయండి.

చూడవలసినవి కొన్ని. మెసోగియా ద్రాక్షతోటల్లో సవాతియానో అనే తెల్లద్రాక్ష పండిస్తారు, అందులో పైన్ చెట్టు బంక కలిపి రెత్సీనా అనే ద్రాక్షసారా చేస్తారు. పెళ్లికూతుళ్లు వేసుకునే పాతకాలపు పొడవాటి చొక్కా అంచుకు ముదురు రంగుల్లో దట్టమైన కుట్టుపని ఉంటుంది. అది చూడాలంటే ఏథెన్స్‌లోని బెనాకి మ్యూజియానికి వెళ్లండి. కుట్టుపని తెలిసినవాళ్లకు ఒక పూట పడుతుంది. పొలాల మధ్య చిన్న చిన్న గుళ్లు కనిపిస్తే ఆగండి.

గ్రీసు వెళ్లే వీలు లేనివాళ్లు ఈ పద్ధతినే ఇక్కడ వాడుకోవచ్చు. నా పుట్టిల్లు కొత్తవలస. ఉత్తరాంధ్రలో ‘వలస’తో ముగిసే ఊళ్లు ఎన్ని ఉన్నాయో బస్సు కిటికీలోంచి చదువుకుంటూ పోతేనే తెలుస్తుంది. ఎవరో కదిలి వచ్చారని ఊరి పేరే చెబుతోంది. ఎవరు పిలిచారు? బంజరు దున్నుకోమని ఏ జమీందారు ఎన్నేళ్లు శిస్తు వదిలాడు? స్టీల్‌ప్లాంట్ కోసం లేచిపోయిన ఊళ్ల పేర్లు ఇప్పుడు ఎవరి నోట్లో మిగిలాయి? పెదజాలారిపేటలో వలలకూ చేపలకూ గాలులకూ ఉన్న మాటల్లో బడి పుస్తకంలో లేనివి ఎన్ని? సగం జవాబు పాత గ్రామపటంలో, అడంగల్‌లో దొరుకుతుంది. మిగతా సగం కోసం మధ్యాహ్నం వంట వేళకు, ఆ వీధిలో అందరికన్నా పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోండి. ఊరి పాత పేరుతో మొదలుపెట్టండి. మా ఊళ్లో నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను, ఇది కొత్తవలస అయితే పాత వలస ఎక్కడ అని.