జుట్టు జిడ్డు: ఏ వేళకి పడుతోందో చూసి చేసుకోవాల్సిన ఇంటి వైద్యం

జిడ్డు జుట్టుకి ఏం చేయాలని అడిగితే పదిమంది పది చిట్కాలు చెప్తారు. నిమ్మకాయ పిండమంటారు, మెంతులు రుబ్బి పెట్టమంటారు, ముల్తానీ మట్టి పట్టించమంటారు. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి ఎందుకు పనిచేయదంటే, ఇద్దరి జిడ్డూ ఒకటి కాదు. వాటిలో ఒకటి రెండు చిట్కాలైతే ఉన్న జిడ్డుని ఇంకాస్త పెంచుతాయి. కాబట్టి ముందు మీది ఏ జిడ్డో తేల్చుకోండి.

దానికో చిన్న పరీక్ష ఉంది. తలస్నానం చేసి జుట్టు పూర్తిగా ఆరాక, పలచటి టిష్యూ కాగితం ముక్కలు మూడు తీసుకుని ఒకటి పాపిట మీద, ఒకటి చెవి వెనక, ఒకటి జుట్టు చివర్ల మీద కాసేపు అదిమి పట్టండి. ఓ పావుగంట పక్కన పెట్టి, తర్వాత వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి. చెమట మరకైతే ఈపాటికి ఆరిపోతుంది. నూనె మరక మాత్రం అక్కడే అద్దంలా మెరుస్తూ ఉంటుంది. మర్నాడు అదే వేళకి మళ్లీ చూడండి. మరక ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది అన్నదాన్ని బట్టి కింద చెప్పిన వాటిలో మీది ఏదో తెలుస్తుంది.

తల ఆరీ ఆరగానే జిడ్డుగా ఉంటే

ఇది మీ తలలో ఊరిన నూనె కాదు. గంటలో అంత నూనె ఊరదు. అంతకుముందు పెట్టిందేదో సరిగ్గా పోలేదన్నమాట. ఇక్కడ అనుమానించాల్సినవి రెండు.

మొదటిది, తలకి రాసుకున్న నూనె. రాత్రంతా ఉంచిన నూనె ఒక్క విడతలో పోదు. నురగని గమనించండి: మొదటి విడత షాంపూ గానీ కుంకుడు రసం గానీ వేస్తే నురగ సరిగ్గా రాదు, చేతికి జారుడుగా మాత్రం ఉంటుంది. నూనె ఆ నురగని చంపేస్తుంది. ఒకసారి కడిగి రెండో విడత వేస్తే అదే రసం తెల్లగా పొంగుతుంది. అలా పొంగిందంటే నూనె వదిలినట్టు. నూనె మరీ దట్టంగా ఉంటే తల తడపకుండానే, పొడి జుట్టు మీదే మొదటి విడత రసం పట్టించి, ఆ తర్వాతే నీళ్లు పోయండి. చాలామంది తిరగేసి చేస్తారు, ముందే చెంబులకి చెంబులు కుమ్మరించేస్తారు. రసం పలచబడిపోయి నూనెని పట్టుకోలేదు.

రెండోది, నీళ్లు. సున్నం ఎక్కువున్న నీళ్లలో ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. బకెట్ అంచుకి తెల్లగా పేరుకునేదే జుట్టుకీ పట్టుకుంటుంది. దువ్వితే దువ్వెన పళ్ల మధ్య బూడిద రంగు మైనం లాంటిది చేరుతుంది. అనుమానముంటే ఒక సీసాలో సగానికి నీళ్లు పోసి, కాస్త సబ్బు తురిమి వేసి ఊపండి. నురగ పెద్దగా రాకుండా నీళ్లు పాలలా తెల్లబడితే తప్పు నీళ్లదే.

దీనికి సబ్బు మానేయడమే సగం మందు. మిగతా సగం వెనిగర్. ఒక మగ్గు నీళ్లలో, అంటే సుమారు అర లీటరులో, రెండు చెంచాల ఆపిల్ సైడర్ వెనిగర్ కలిపి, కడిగిన జుట్టు మీద చివరగా పోసుకుని, ఒక నిమిషం ఆగి మంచినీళ్లతో కడిగేయండి. ఆ పులుపు తెట్టుని విడగొడుతుంది. వారానికి ఒక్కసారి చాలు. వాసన జుట్టు ఆరేసరికి పోతుంది, దాని గురించి టెన్షన్ పడకండి.

కుదుళ్లు బాగానే ఉండి, పొడవంతా బరువుగా వేలాడుతుంటే

కండిషనర్ ఎక్కువైంది, లేదా ఇంట్లో రుబ్బిన గుజ్జు ఏదో పోలేదు. మెంతుల సంగతి ఇక్కడే చెప్పాలి. నానిన మెంతుల్లో జిగురు ఉంటుంది. ఆ జిగురు జుట్టుకి పూతలా పట్టుకుని మెత్తదనం ఇస్తుంది, అందుకే పొడి జుట్టు వాళ్లకి అది బాగా నచ్చుతుంది. జిడ్డు జుట్టు వాళ్లకి ఆ పూతే తలనొప్పి. నేనూ ఒకసారి మెత్తగా రుబ్బి గంటసేపు ఉంచాను. నాలుగుసార్లు కడిగినా తలలోంచి పసుపు పచ్చని పలుకులు రాలుతూనే ఉన్నాయి, జుట్టు పాయలు పాయలుగా అతుక్కుపోయింది. మెంతులు వాడి తీరాలనుకుంటే రుబ్బకండి. నానబెట్టిన నీళ్లు మాత్రం వడకట్టి, చివర్లకే పోసుకుని కడిగేయండి.

గుడ్డు సొనదీ ఇదే కథ. పచ్చసొనలో కొవ్వు ఉంది, జిడ్డు జుట్టుకి అది వద్దు. పైగా వేడినీళ్లు పోస్తే తల మీదే ఉడికి ముక్కలవుతుంది.

ఉదయం కడిగితే సాయంత్రానికో, మర్నాటికో కుదుళ్ల దగ్గర జిడ్డు కడితే

ఇదే అసలైన జిడ్డు జుట్టు. ప్రతి వెంట్రుక కుదురుకీ ఆనుకుని ఒక చిన్న తైల గ్రంథి ఉంటుంది. అందులోంచి ఊరే నూనె పేరు సీబమ్. ఎంత ఊరాలన్నది ప్రధానంగా ఆండ్రోజెన్ అనే హార్మోన్లు నిర్ణయిస్తాయి. అందుకే యుక్తవయసులో ఒక్కసారిగా జిడ్డు మొదలవుతుంది. వంకీలు లేని జుట్టులో ఆ నూనె తిన్నగా కిందికి జారుతుంది కాబట్టి త్వరగా కనబడుతుంది. ఉంగరాల జుట్టులో కుదుళ్ల దగ్గరే ఆగిపోతుంది. సన్నటి వెంట్రుకలు కాస్త నూనెకే అతుక్కుపోయి, తల అట్టకట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. పైన పూసే ఏ ఆకూ, ఏ పొడీ ఆ గ్రంథి చేత పని మాన్పించలేదు. మనం చేయగలిగేది ఊరినదాన్ని జుట్టు పాడవకుండా తీసేయడం. అలాగే, ఎక్కువసార్లు కడిగితే గ్రంథి పంతానికి పోయి ఇంకా ఎక్కువ నూనె ఊరిస్తుందని భయపెడతారు. గ్రంథి నడిచేది హార్మోన్లతో. పైన కడిగిన సంగతి చూసుకుని అది నూనె పెంచదు. రోజు విడిచి రోజు కడగండి, అవసరమైతే రోజూ కడగండి. కడిగేది గాఢంగా లేకుండా చూసుకుంటే చాలు.

ఆ లెక్కన నా ఓటు కుంకుడుకాయకే. దాని తొక్కలో సపోనిన్లు ఉంటాయి. అవి ఒక కొసతో నూనెని, ఇంకో కొసతో నీటిని పట్టుకుని మురికిని లాక్కుపోతాయి. సబ్బుకి క్షార గుణం ఉంటుంది, కుంకుడు రసానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, కాబట్టి తల చర్మానికి అది దగ్గర.

అయితే రసం తీయడంలోనే చాలామంది తప్పు చేస్తారు. భుజాల దాకా ఉన్న జుట్టుకి పది కాయలు చాలు. కాయని రాయితో ఒక్క దెబ్బ కొట్టి పగలగొట్టి, నల్లటి గింజ తీసి పారేయండి. తొక్కల్ని అర లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానేయండి. పొద్దున చేత్తో పిసుకుతుంటే తొక్క జిగురుజిగురుగా మెత్తబడి, నీళ్లు తేనె రంగుకి తిరిగి, పైన దట్టంగా నురగ లేస్తుంది. పలచటి గుడ్డలో వడకట్టండి, జల్లెడలో కాదు. జల్లెడలోంచి సన్నటి పొట్టు దిగి జుట్టులో ఇరుక్కుంటుంది, దాన్ని చూసి చుండ్రు అనుకుని కంగారు పడతారు. రసాన్ని రెండు విడతలుగా, వేళ్ల కొసలతో మాడుకి పట్టించండి. పొడవుకి విడిగా రుద్దక్కర్లేదు, కడిగేటప్పుడు కిందికి జారే రసమే సరిపోతుంది. కళ్లు గట్టిగా మూసుకోండి. ఇది కంట్లో పడితే షాంపూ మంట ఎంతో నయమనిపిస్తుంది. మిగిలిన రసం నిలవుండదు, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజుల్లో వాడేయండి.

శీకాయ దీనికన్నా మెత్తన. నూనె అంతగా లాగదు, చిక్కు మాత్రం బాగా విడుస్తుంది. జిడ్డు మరీ ఎక్కువ లేనివాళ్లు రెండూ సగం సగం నానబెట్టుకోవచ్చు. పొడిగా దొరికేది నేరుగా తల మీద రుద్దకండి, గరుకుగా గీరుతుంది.

ముల్తానీ మట్టి కడగదు, పీలుస్తుంది. పూర్వం గొర్రె ఉన్నిలోని జిడ్డు తీయడానికి ఇలాంటి మట్టినే వాడేవారు. ఇంగ్లిష్‌లో దాన్ని ఫుల్లర్స్ ఎర్త్ అనడం అందుకే, ఫుల్లర్ అంటే ఉన్ని బట్టని శుభ్రం చేసేవాడు. మూడు చెంచాల మట్టిని నీళ్లతో దోసెపిండిలా జారుగా కలిపి, కుదుళ్లకే పూసి, పది నిమిషాల్లోపు, ఇంకా తడిగా ఉండగానే కడిగేయండి. ఎండి బీటలు వారేదాకా ఉంచితే మాడు బిగుసుకుపోతుంది, వెంట్రుకలు తెగుతాయి. పదిహేను రోజులకి ఒకసారికి మించి వద్దు.

కుదుళ్లు జిడ్డు, చివర్లు గడ్డి

పొడవు జుట్టు వాళ్లలో ఇది మామూలే. కడిగేది కుదుళ్లకి, మెత్తబరిచేది చివర్లకి అని విడగొట్టుకోండి. కలబంద గుజ్జు చెవుల కిందనుంచి చివర్ల దాకా పట్టించి, పావుగంటకి కడిగేయండి. ఆకు కోయగానే పసుపు రంగు రసం కారుతుంది. ఆకుని నిలువుగా పెట్టి అది పూర్తిగా కారిపోయాకే గుజ్జు తీయండి, ఆ పసుపు రసం చర్మానికి పడదు.

జిడ్డుతో పాటు దురద, పసుపు పచ్చటి పొట్టు ఉంటే

పొడి చుండ్రు భుజాల మీద తెల్లగా రాలుతుంది. ఇది రాలదు. గోటితో గీరితే గోరు కింద మైనంలా చేరుతుంది. కొందరికి కనుబొమల్లోనూ, ముక్కు పక్కలనూ ఎర్రగా పొట్టు లేస్తుంది. దీన్ని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. అందరి తల మీదా ఉండే మలాసీజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనబడని ఒక రకం శిలీంధ్రం, సీబమ్‌ని తిని బతుకుతుంది. అది వదిలే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు.

ఇలాంటి తలకి చాలామంది మొదట చేసే పని నూనె పట్టించడం. పొట్టు మెత్తబడి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఆ ఈస్ట్‌కి మనం మేత వేసినట్టే. ప్రయోగశాలల్లో దాన్ని పెంచేటప్పుడు ఆలివ్ నూనె వేస్తారంటే మీరే ఊహించుకోండి.

మూలికల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది టీ ట్రీ ఆయిల్, అంటే టీ ట్రీ అనే చెట్టు ఆకుల నుంచి తీసే నూనె. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 126 మంది చుండ్రు రోగులు పాల్గొన్నారు. 5 శాతం టీ ట్రీ షాంపూ నాలుగు వారాలు వాడినవాళ్లలో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది, మందు లేని షాంపూ వాడినవాళ్లలో తగ్గింది 11 శాతమే. అలాగని చిన్న సీసాలోని చిక్కటి నూనెని నేరుగా మాడుకి రాయకండి, అలర్జీ తెచ్చుకుంటారు. ఆ మోతాదులో తయారైన షాంపూయే కొనుక్కుని, మూడు నిమిషాలు ఉంచి కడగండి. నోట్లోకి పోకూడదు, అది విషం. వేపాకు ఉడికించిన నీళ్లు దురదకి కొందరికి హాయినిస్తాయి, కానీ పసుపు పొట్టుని వదిలించేంత బలం వాటికుందని నేను నమ్మను. నెల దాటినా తగ్గకపోతే చిట్కాలు ఆపి, ఆ ఈస్ట్‌ని అణిచే కీటోకోనజోల్ షాంపూ గురించి డాక్టర్‌ని అడగండి.

కడిగే టైం లేదు, ఇప్పుడే బయటికెళ్లాలి

చెంచాడు కార్న్‌ఫ్లోర్ పాపిట వెంట చల్లి, ఐదు నిమిషాలు ఆగి, తల వంచి బాగా దువ్వేయండి. నల్లజుట్టులో తెల్లగా కనబడకుండా కాస్త కోకో పొడి కలుపుకోవచ్చు. ఇది ఆ పూటకే. రాత్రికి తల కడగాల్సిందే.

చిట్కా వాడాకే ఎక్కువైతే

నిమ్మరసం నేరుగా రాశారా? నిమ్మజాతి రసాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్ల మచ్చలు పడొచ్చు. నుదుటి మీదికి కారిన చోట చూసుకోండి. వాడితే అర లీటరుకి ఒక చెంచా, అదీ పూర్తిగా కడిగేసి బయటికెళ్లాలి. వంటసోడా అయితే అసలు వద్దు. దాని క్షార గుణానికి వెంట్రుక పైపొర లేచిపోయి, జిడ్డు పోవడం సంగతేమో గానీ జుట్టు పీచులా తయారవుతుంది. దువ్వెనని ఎప్పుడు కడిగారో కూడా గుర్తు తెచ్చుకోండి. శుభ్రం చేసిన జుట్టుకి పాత జిడ్డునంతా తిరిగి రాసేది అదే. వారానికోసారి దువ్వెన, దిండు గలీబు ఉతకాలి.

ఎప్పుడూ లేనిది ఈ మధ్యే మొదలైతే

కొత్తగా మొదలైన జిడ్డుతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తున్నా, మొటిమలు పెరిగినా హార్మోన్ల పరీక్ష చేయించాలి. ఆడవాళ్లలో హార్మోన్లు అదుపు తప్పే పీసీఓఎస్ అనే సమస్యలో ఇలా ఉంటుంది. తలలో చీము పొక్కులు లేచినా, జుట్టు గుండ్రంగా మచ్చలుగా ఊడినా చర్మ వైద్యుల దగ్గరికే వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఈ రెండు నెలల్లో తలకి ఏమేం రాశారో, ఏ మాత్రలు వేసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆ రోజు తల కడగకుండా వెళ్లండి. కడిగేసి వెళ్తే డాక్టర్‌కి చూపించడానికి పొట్టూ ఉండదు, జిడ్డూ ఉండదు.