మొక్కల తొట్టె లైటు: డ్రైవర్ వేడి సంగతి

నీటి మొక్కలు పెంచే అక్వేరియం తొట్టెకి సొంతంగా ఎల్‌ఈడీ లైటు కట్టుకునేవాళ్లు డబ్బంతా చిప్పుకీ, దాని వేడి లాగే హీట్‌సింకుకీ పెడతారు. చిప్పుకి కరెంటు సరిచేసి అందించే డబ్బా, అదే డ్రైవర్, దగ్గరికొచ్చేసరికి తొట్టె మీది మూతలో (హుడ్‌లో) ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కుక్కేస్తారు. చెన్నైలో పెరంబూరు, కొళత్తూరు వైపు నుంచి రిపేరుకని నా దగ్గరికి వచ్చే అక్వేరియం లైట్లలో చిప్పు మాడినవి తక్కువే. పోయేది డ్రైవరే.

ముందు లెక్క చూసుకోండి. 36 వోల్టుల సీఓబీని (చిన్న ఎల్‌ఈడీలన్నీ ఒకే పలక మీదున్న చిప్పుని) 1400 మిల్లీఆంప్స్ మీద నడిపితే సుమారు 50 వాట్లు. డ్రైవర్ ఎఫిషియెన్సీ 88 శాతమైతే ప్లగ్గు నుంచి 57 వాట్లు లాగుతుంది. తేడా 7 వాట్లూ డ్రైవర్ ఒంట్లోనే వేడిగా మిగులుతాయి. అదే 80 శాతం సరుకైతే ఆ 7 కాస్తా పన్నెండున్నర అవుతుంది. అందుకే రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజార్లో బేరానికి దిగేముందు లేబుల్ చదవండి. ఎఫిషియెన్సీ గానీ టీసీ (డ్రైవర్ ఒంటి మీద గుర్తు పెట్టిన చోటి వేడి) పరిమితి గానీ రాయని డబ్బా ఎంత చవకైనా నేను ముట్టుకోను. 1400 మిల్లీఆంప్స్ ఇచ్చేది, వోల్టేజి పరిధిలో 36 ఉన్నది, 75 వాట్ల లోపుది చాలు. మరీ పెద్దది తెస్తే చల్లగా ఉంటుందనుకోకండి, బొత్తిగా తక్కువ లోడు మీద ఎఫిషియెన్సీ పడిపోతుంది.

హుడ్‌లోంచి డ్రైవర్‌ని బయటికి తెస్తే సగం రోగం పోయినట్టే. అక్కడ ఒకపక్క చిప్పుల సెగ, ఇంకోపక్క నీటి ఆవిరి. కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ కాబట్టి వైరు ఒకటి రెండు మీటర్లు పెరిగినా వోల్టేజి అదే సర్దుకుంటుంది. అలాగని స్టాండు అరలో పెట్టి తలుపు మూసెయ్యకండి. స్టాండు పక్క చెక్కకి బయటివైపు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు బిగించి, దానికి ఎర్త్ ఇచ్చి, డ్రైవర్‌ని దానిమీద నిలువుగా కూర్చోబెట్టండి. మెటల్ బాడీదైతే మధ్యలో పల్చగా థర్మల్ పేస్ట్ రాయండి. ప్లాస్టిక్ బాడీకి పేస్ట్ దండగ, చుట్టూ రెండంగుళాల గాలి ఉంటే మేలు. చిల్లుల డబ్బాలో పెట్టేటట్టయితే కిందా పైనా చిల్లులుండాలి, వాటికి సన్నటి జాలీ కొట్టాలి. వెచ్చటి చోటు దొరికితే బల్లి ఊరుకోదు, 230 వోల్టుల మధ్యనే కాపురం పెడుతుంది.

ఇక కొలత. చాలామంది చెయ్యి పెట్టి చూసి తీర్పు చెప్పేస్తారు. 65 డిగ్రీలకే చెయ్యి చుర్రుమంటుంది, కానీ టీసీ పరిమితి 80 ఉన్న డ్రైవర్‌కి అది మామూలే. లేబుల్ మీద టీసీ అని గుర్తు పెట్టిన చుక్క ఉంటుంది, సరిగ్గా అక్కడే మల్టీమీటర్ కే-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొసని, వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అంటించండి. దూరం నుంచే వేడి కొలిచే ఐఆర్ గన్ను మెరిసే అల్యూమినియం మీద తక్కువ చూపించి మోసం చేస్తుంది. అదే దిక్కయితే ముందు ఆ చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొట్టండి. అంకె పెరగడం ఆగేదాకా, గంటో రెండు గంటలో వెలగనివ్వండి.

ఆ అంకె చూసి ఊరుకోవద్దు, గది వేడి కూడా రాసుకోండి. డిసెంబరులో గది 27, టీసీ 68 అనుకుందాం, తేడా 41. గది వేడెక్కినా ఆ తేడా పెద్దగా మారదు. కత్తిరి వెయ్యిల్‌లో, అంటే మే నెల మండుటెండల్లో, మేడమీది గది 38 అయితే టీసీ 79. లేబుల్ పరిమితి 75 అయిన డ్రైవర్ చలికాలంలో పాసై మే నెలలో ఫెయిలవుతుందన్నమాట. నేనైతే మే లెక్క కూడా పరిమితికి పది డిగ్రీలు కిందే ఉండేలా చూస్తాను. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీలు తగ్గితే దాదాపు రెట్టింపవుతుంది.

కరెంటు వైరు డ్రైవర్‌లోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి, నీరు జారినా అక్కడే బొట్టుగా రాలిపోతుంది. ఆ లైనుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) లేకపోతే ముందు అది పెట్టించుకోండి.

ఇంత చేసినా మే లెక్క కుదరకపోతే, కరెంటు మనం మార్చుకోగలిగే డ్రైవర్ అయితే 1050 మిల్లీఆంప్స్‌కి దించండి. జావా ఫెర్న్, అనుబియాస్ లాంటి తక్కువ వెలుతురు మొక్కలకి ఆ వెలుతురు ధారాళంగా సరిపోతుంది.