వంశపారంపర్య క్యాన్సర్: జన్యు పరీక్ష ఎవరికి అవసరం?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చిందని అందరూ జన్యు పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. మొత్తం క్యాన్సర్లలో వంశపారంపర్య జన్యు లోపం వల్ల వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. ఆ కొద్దిమందిని గుర్తించాలంటే ముందు వంశవృక్షం గీయాలి.

రెండు వైపులా మూడు తరాలు రాయండి. ఒక్కొక్కరి పేరు పక్కన క్యాన్సర్ ఏ అవయవంలో మొదలైందో, ఏ వయసులో బయటపడిందో ఉండాలి. ‘కడుపులో క్యాన్సర్’ అని ఇంట్లో చెప్పుకునేది అండాశయానిదీ కావచ్చు, పెద్దపేగుదీ కావచ్చు. బయాప్సీ రిపోర్టు దొరికితే దాన్నే నమ్మండి. రొమ్ము క్యాన్సర్ కదా అని నాన్న వైపు వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువుల లోపం తండ్రికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. ఆయనకు ఏ జబ్బూ రాకపోవచ్చు కాబట్టి ఆ లోపం ఒక తరం దాటినట్టు కనిపిస్తుంది.

అండాశయ, క్లోమ క్యాన్సర్లూ, మగవారిలో రొమ్ము క్యాన్సరూ ఏ వయసులో వచ్చినా, ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా పరీక్ష చేయించాల్సిందే. 50 ఏళ్లలోపు వచ్చిన రొమ్ము, పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు, ఏ వయసులోనైనా ట్రిపుల్ నెగటివ్ (రెండు హార్మోన్ గ్రాహకాలూ లేని, హెర్2 ప్రొటీన్ ఎక్కువగా లేని) రొమ్ము క్యాన్సర్, ఇతర అవయవాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. పెద్దపేగులో పదికి మించి అడెనోమా పాలిప్స్ (క్యాన్సర్‌గా మారే వీలున్న చిన్న బుడిపెలు) ఉంటే క్యాన్సర్ లేకున్నా పరీక్ష గురించి అడగండి. కుటుంబం చిన్నదైనా, ఆడవాళ్లు తక్కువైనా వంశవృక్షం ఖాళీగా కనిపిస్తుంది. అది చూసి ధీమా పడకూడదు.

పరీక్ష మొదట జబ్బు వచ్చినవారికే చేయాలి. ఈ ఒక్కటి తప్పితే మిగతా లెక్కంతా తప్పుతుంది. జబ్బుపడిన అక్కను వదిలి ఆరోగ్యంగా ఉన్న చెల్లెలికి చేస్తే, నెగటివ్ వచ్చినా ఏమీ తేలదు: ఆ లోపం ఇంట్లో ఉండి ఈమెకు రాలేదా, అసలు కారణమే వేరా? అక్కలో లోపం ఫలానా అని తేలాక చెల్లెలికి దాన్నొక్కదాన్నే వెతికితే చాలు. అప్పుడు వచ్చే నెగటివ్‌ను నమ్మొచ్చు. జబ్బుపడినవారు బతికిలేకపోతే వారి దగ్గరి రక్తసంబంధీకులతో మొదలుపెట్టాలి.

సాధారణంగా రక్తం గానీ లాలాజలం గానీ తీసుకుంటారు. ఎముక మజ్జ మార్పిడి అయినవారి రక్తకణాల్లో ఉండేది దాత డీఎన్ఏ. అందుకే వారికి చర్మం నుంచి పెంచిన కణాలు వాడతారు. ఈ సంగతి ముందే చెప్పాలి. కణితి మీద చేసిన జన్యు పరీక్ష దీనికి బదులు కాదు.

రిపోర్టులో ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ (హాని చేస్తుందో లేదో ఇంకా తెలియని జన్యు మార్పు) అని ఉంటే దాన్ని పాజిటివ్‌గా తీసుకోకండి. దాన్ని చూసి అండాశయాలు తీయించుకోవడం, బంధువులందరికీ పరీక్షలు చేయించడం తగదు. ఇలాంటివి చాలావరకు తర్వాత హానిలేనివిగా తేలతాయి కాబట్టి ఏడాదికో రెండేళ్లకో జెనెటిక్ కౌన్సెలర్‌ను మళ్లీ అడగండి.

బీఆర్‌సీఏ లాంటి, పెద్దయ్యాకే జబ్బు తెచ్చే లోపాల కోసం పిల్లలకు పరీక్ష వద్దు, 18 దాటాక వాళ్లే నిర్ణయించుకుంటారు. చిన్నతనంలోనే జబ్బు తెచ్చే ఏపీసీ, ఆర్ఈటీ, టీపీ53 జన్యువుల లోపాలు ఇంట్లో ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.