మతాల అధ్యయనంలో దఅవా పాఠం: నేను ఎలా చెబుతానంటే

మొదటి రోజు నేను పుస్తకం తెరవను. బోర్డు మీద మూడు మాటలు రాస్తాను: దావత్, దావా, దువా. శ్రీకాకుళం పిల్లలకు ఈ మూడింట్లో కనీసం రెండు తెలిసే ఉంటాయి. దావత్ అంటే విందు. ముస్లిం స్నేహితుల ఇంట్లో పెళ్లి భోజనానికి వెళ్లినవాళ్లు చటుక్కున చెప్పేస్తారు. దావా అంటే కోర్టులో వేసేది. గట్టు తగాదా ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లయితే వాయిదాలతో సహా చెబుతారు. దువా అంటే వేడుకోలు. ఈ మూడూ అరబీలో ఒకే ధాతువు నుంచి వచ్చాయి. దాని అర్థం పిలవడం. అన్నానికి పిలిస్తే దావత్, నా హక్కు నాకిమ్మని పిలిస్తే దావా, దేవుణ్ణి పిలిస్తే దువా. మరి దేవుడి వైపు మనిషిని పిలిస్తే? అదే మన పాఠం. కోర్టు దావాతో కలిసిపోకుండా దాన్ని నోట్సులో 'దఅవా' అని రాయిస్తాను.

పద్నాలుగేళ్లుగా పీజీ పిల్లలకు మతాల చరిత్ర చెబుతున్నాను. మాది శ్రీకాకుళమే. తులనాత్మక మతాల ఆప్షనల్ పేపర్‌లో ఇస్లాం ఒక యూనిట్, అందులో దఅవాకు నాకు దొరికేది పదిహేను గంటలు. ఈ మధ్య వేరే కాలేజీల్లో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు ఫోన్ చేసి "ఇది ఎలా చెబుతున్నారు మేడం, మాకు టెన్షన్‌గా ఉంది" అన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ఆ టెన్షన్ నాకు తెలుసు. రెండో ఏడాది అనుకుంటాను, ఖురాన్ వాక్యం ఒకటి వివరిస్తూ నాకు తెలియకుండానే గొంతు పెంచాను. నేను నమ్మే మాట కదా, అది నా నోట్లోంచి అలాగే వస్తుంది. వెనక బెంచీలో టెక్కలి అమ్మాయి ఒకతె లేచి, ఏ కోపం లేకుండా అడిగింది: "మేడం, మీరు మమ్మల్ని పిలుస్తున్నారా, పిలుపు గురించి చెబుతున్నారా?" ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఆ క్లాసులో పిలిచాను. మా వీధిలోనో మా ఇంట్లోనో అది తప్పు కాదు, నా హక్కు. కానీ హాజరు కోసం, మార్కుల కోసం నా ముందు కూర్చున్న పిల్లలకు లేచి వెళ్లిపోయే వీలు లేదు. వెళ్లిపోలేనివాళ్లను పిలవడం పిలుపు అవ్వదు.

దీనికి మందు తెలుగులోనే ఉంది. 'అని' అనే చిన్న మాట. "దేవుడు ఒక్కడే" అంటే ప్రకటన. "దేవుడు ఒక్కడే అని ముస్లింలు నమ్ముతారు" అంటే పాఠం. మసీదులో శుక్రవారం బయాన్‌లో, అంటే ప్రసంగంలో, ఈ 'అని' ఉండదు, ఉండనక్కర్లేదు. క్లాసులో మాత్రం ప్రతి వాక్యానికీ ఉండాలి. పిల్లలకు కూడా మొదటి వారమే ఈ అలవాటు చేయండి. "ఇస్లాం కత్తితో వ్యాపించింది" అని ఎవరైనా అంటే నేను కాదనను, అవుననను. "ఎవరు అన్నారు? 'అని' పెట్టి మళ్లీ చెప్పు" అంటాను. చెప్పబోయి, ఎవరన్నారో తెలియక ఆగిపోతారు. ఆ ఆగిన చోట చదువు మొదలవుతుంది.

చట్టం సంగతి కూడా మొదట్లోనే చెప్పేయండి, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగొద్దు. రాజ్యాంగంలోని 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కుదరదు. మతాన్ని బోధించడం వేరు, మతం గురించి చదవడం వేరు అన్న తేడాను సుప్రీంకోర్టు 1971లో డి.ఎ.వి. కాలేజీ కేసులోనూ, 2002లో అరుణా రాయ్ కేసులోనూ గుర్తించింది. 25వ అధికరణ తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో అదే కోర్టు, ప్రచారం చేసే హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని తేల్చింది. ఈ తీర్పుల్లో రెండేసి పేజీలు జెరాక్స్ తీయించి చదివిస్తాను. ప్రచారానికీ మార్చడానికీ గీత ఎక్కడ అని పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. మీరు మధ్యలో దూరకండి.

ఇంకో విషయం స్పష్టం చేయాలి. దఅవాను విశ్వవిద్యాలయంలో చెప్పడానికి లోకంలో రెండు దారులున్నాయి. కైరోలో అల్ అజ్హర్‌లో, మదీనా ఇస్లామిక్ విశ్వవిద్యాలయంలో దఅవాకు ప్రత్యేక ఫ్యాకల్టీలే ఉన్నాయి. ఇండోనేషియాలో ప్రభుత్వ ఇస్లామిక్ విశ్వవిద్యాలయాల్లో 'దక్వా' ఫ్యాకల్టీలో ప్రసార మాధ్యమాలు, కౌన్సెలింగ్, నిర్వహణ కూడా నేర్పుతారు. అక్కడ లక్ష్యం పిలిచేవాళ్లను తయారు చేయడం. మన దగ్గర పిలుపును అర్థం చేసుకోవడం. వైద్యుడికీ వైద్య చరిత్రకారుడికీ ఉన్నంత తేడా. వాళ్లది తక్కువ చదువని మాత్రం అనొద్దు. వాళ్ల సిలబస్ మనకు మంచి ముడిసరుకు.

మూలపాఠాలు తక్కువ పెట్టుకోండి. నాకు ఖురాన్‌లో మూడు వాక్యాలు చాలు. నహ్ల్ సూరా (అధ్యాయం) 125వ వాక్యం: వివేకంతో, మంచి బోధతో నీ ప్రభువు మార్గం వైపు పిలువు, మేలైన పద్ధతిలో వాదించు అని. బఖరా సూరా 256: ధర్మంలో బలవంతం లేదు అని. ఆలి ఇమ్రాన్ 104: మంచి వైపు పిలిచే ఒక సమూహం మీలో ఉండాలి అని. మొదటిదానిలో మూడు పద్ధతులున్నాయి: వివేకం, బోధ, వాదన. క్లాసును మూడు గుంపులు చేసి ఒక్కో పద్ధతి ఇచ్చేస్తాను. సెమిస్టర్ చివరిదాకా ప్రతి గుంపూ తన పద్ధతిని చరిత్రలో వెతుకుతూ ఉండాలి. తెలుగు అనువాదాలు కనీసం రెండు పక్కపక్కన పెట్టండి. ఖురాన్‌ను మొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాదు. స్వాతంత్ర్యానికి ముందే ఒక తెలుగు పండితుడు ఆ పని తలకెత్తుకున్నారని చెబితే పిల్లలు నిటారుగా కూర్చుంటారు. నమ్మకుండా కూడా శ్రద్ధగా చదవొచ్చు అనడానికి మన భాషలో అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చరిత్రను మక్కా నుంచి వరుసగా లాక్కు రావొద్దు, పదిహేను గంటలూ అందులోనే అయిపోతాయి. నేను నాలుగు చోట్ల ఆగుతాను. ప్రవక్త కంటే ముందే మదీనా వెళ్లి ఖురాన్ నేర్పిన ముస్అబ్ ఇబ్న్ ఉమైర్ దగ్గర ఒకసారి. ఈజిప్టును ఏలిన షియా వంశం ఫాతిమీల కాలంలో రహస్యంగా తిరిగిన 'దాయీ'ల, అంటే పిలిచేవాళ్ల, దగ్గర ఒకసారి, వాళ్ల గురించి త్వరగానే ముగిస్తాను. మూడోది బెంగాల్. అలీగఢ్‌లో పాఠాలు చెప్పిన థామస్ ఆర్నాల్డ్ 1896లో, ఇస్లాం ఎక్కువగా శాంతియుత ప్రచారంతో వ్యాపించిందని రాశాడు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1993లో వేరే మాట చెప్పాడు: తూర్పు బెంగాల్‌లో అడవి కొట్టి వరి పొలాలు చేసినచోట, ఆ పనికి ముందు నిలిచిన పీర్ల (సూఫీ గురువుల) చుట్టూ, తరాల మీద మెల్లగా ఇస్లాం కుదురుకుందని. అంటే కత్తీ కాదు, ఉపన్యాసమూ కాదు, నాగలి. మన పిల్లల్లో సగం మంది వరి పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆ అధ్యాయం వాళ్లకు నాకంటే బాగా అర్థమవుతుంది.

నాలుగో మజిలీ మీద ఎక్కువ సమయం పెట్టండి. 1854లో ఆగ్రాలో ముస్లిం పండితుడు రహమతుల్లా కైరానవీ, క్రైస్తవ మిషనరీ ఫాండర్ బహిరంగంగా వాదించుకున్నారు. 1920లలో ఆర్యసమాజం, మతం మారినవాళ్లను తిరిగి హిందువుల్లో కలిపే శుద్ధి ఉద్యమం నడిపింది. ఆ దశాబ్దంలోనే ఢిల్లీ దగ్గరి మేవాత్‌లో మౌలానా ఇలియాస్ తబ్లీగీ జమాత్ మొదలుపెట్టారు. ఒక పిలుపు ఇంకో పిలుపుకు జవాబుగా పుడుతుందని ఇక్కడే కనిపిస్తుంది. మన జిల్లాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి వైపు పనిచేసింది కాబట్టి దాన్ని పక్కన పెట్టి పోల్చండి. 1976లో స్విట్జర్లాండ్‌లోని షాంబెజీలో క్రైస్తవులు, ముస్లింలు ఒకే బల్ల దగ్గర కూర్చుని మిషన్, దఅవా రెండింటి గురించీ మాట్లాడుకున్నారు. ఒప్పించే స్వేచ్ఛ గురించి, సేవను ఎరగా వాడటం గురించి అక్కడ వచ్చిన చర్చను మన క్లాసులో మళ్లీ నడపొచ్చు. ఒక్క ఇస్లాం పిలుపునే విడదీసి చెబితే, మిగతా మతాలు నోరు మూసుకుని కూర్చున్నాయనే తప్పుడు బొమ్మ పడుతుంది.

క్లాసు గదిలో చెప్పలేనిది బయట చూపించాలి. శ్రీకాకుళంలో జామియా మసీదు ఉంది, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు (ఆ ప్రాంతపు సైనికాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించినది. అక్కడికి తీసుకెళ్లేముందే ఎవరో ఒకరు అడుగుతారు, "అక్కడ అంతకుముందు గుడి ఉండేదట కదా మేడం?" అని. ముఖం చిట్లించొద్దు, మాట మార్చొద్దు. బోర్డు మీద మూడు గళ్లు గీయండి: శాసనం ఏమంటోంది, గెజెటీర్ ఏమంటోంది, ఊళ్లో జనం ఏమంటారు. ఏది ఏ గడిలోకి వెళ్తుందో వాళ్లనే వెతికి తెమ్మనండి. తర్వాత ఇంకో ప్రశ్న ఇవ్వండి: ఫౌజుదారు చేసే పని రాజ్యం పని, అది దఅవా అవుతుందా? రెండూ ఒకటేనా, కావా అన్నది వాళ్లు రాయాలి.

వెళ్లేటప్పుడు కమిటీ పెద్దల్ని వారం ముందు అడగండి. నమాజు వేళ తప్పించి వెళ్లండి, మధ్యాహ్నపు జొహర్ నమాజుకూ సాయంత్రపు అసర్ నమాజుకూ మధ్య అయితే మంచిది. అమ్మాయిలకు తల మీద వేసుకోవడానికి చున్నీ, అందరికీ సులువుగా విడిచే చెప్పులు. మనుషుల ఫోటోలు వద్దు.

ఊరూరా తిరిగే తబ్లీగీ జమాత్ బృందం మసీదులో దిగి ఉన్న సమయమైతే మరీ మంచిది. ఒకసారి మా క్లాసు అబ్బాయిలు చూశారు. గోడ వారగా చుట్టిన పరుపులు, ఓ మూల చిన్న గ్యాస్ పొయ్యి, అల్యూమినియం గుండిగ, దాని మీద మూత బదులు కంచం. అసర్ తర్వాత గష్త్‌కు, అంటే ఇంటింటికీ తిరిగి పిలవడానికి, బయలుదేరారు. దారి చూపే స్థానికుడు రహబర్, మాట్లాడే పని ఒక్కడిది, అతను ముతకల్లిం, మిగతావాళ్లు తల దించుకుని మనసులో జపం చేసుకుంటూ నడుస్తారు. మా రాజాం కుర్రాడు వీధి చివరిదాకా వెళ్లి వచ్చి ఆశ్చర్యపోయాడు: "మేడం, వాళ్లు ముస్లింల ఇళ్లకే వెళ్తున్నారు!" అవును. తబ్లీగ్ పిలుపు ప్రధానంగా ముస్లింలనే నమాజుకు పిలుస్తుంది. ఈ ఒక్క సంగతి మీరు పది క్లాసుల్లో చెప్పినా ఎక్కదు, వీధి చివర చూస్తే ఎక్కుతుంది. 2020లో కరోనా మొదట్లో జమాత్‌ను నిందిస్తూ వచ్చిన పత్రికల కత్తిరింపులు నేను ఆ తర్వాతే ఇస్తాను. అదే ఏడాది ఆగస్టులో విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఇచ్చిన తీర్పు కూడా వాటితోనే.

అమ్మాయిలు గష్త్ చూడలేరు. వాళ్ల కోసం ఆడవాళ్ల తాలీమ్ ఉంది, ఇంట్లో చేరి పుస్తకం చదివించుకుని వినడం. మా దాదీమా ఇంట్లో మధ్యాహ్నం జొహర్ అయ్యాక వీధిలో ఆడవాళ్లు ఏడెనిమిది మంది చేరేవారు. ఒకావిడ ఉర్దూ పుస్తకం చదివేది. దాదీమాకు చదవడం రాదు. గోడకు ఆనుకుని, ఎడమ చేతిలో తస్బీ (జపమాల) పూస కదలకుండా పట్టుకుని వినేది. చదివే ఆవిడ పుస్తకం మూస్తే "ఇంకొక్క పేజీ, బేటీ" అనేది. దఅవా అంటే వేదిక, మైకు, వాదన అనుకునే పిల్లలకు నేను ఆ గదిని వర్ణిస్తాను. క్రైస్తవ బోధకులతో వేదికల మీద వాదించిన అహ్మద్ దీదాత్ తరహా వాదనల వీడియో ఒక పది నిమిషాలు చూపించి, ఆ వెంటనే ఈ గది గురించి చెబితే, నహ్ల్ సూరాలోని 'బోధ'కూ 'వాదన'కూ దూరం ఎంతో వాళ్లకే తెలుస్తుంది.

విజయనగరం దగ్గరున్నవాళ్లకు బాబామెట్ట ఖాదర్ వలీ బాబా దర్గా ఉంది. ఏటా జరిగే ఉర్సు ఉత్సవానికి హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. అక్కడ మతం మారమని అడిగేవాళ్లెవరూ మా పిల్లలకు ఎదురుపడలేదు. అయినా అంతమంది వస్తున్నారు. ఇది దఅవా అవుతుందా? సూఫీలు అవుతుందంటారు, కొందరు సంస్కరణవాదులు దర్గా పద్ధతులే తప్పంటారు. ముస్లింలందరిదీ ఒకే గొంతు కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు. వెళ్లినవాళ్లు ఎవరినీ "ఎందుకు మారారు, ఎందుకు వచ్చారు" అని నిలదీయకూడదని ముందే చెప్పండి. "ఎన్నాళ్లుగా వస్తున్నారు" అని అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు.

క్లాసులో ముస్లిం పిల్లలుంటే ఒక్కటే మాట. వాళ్లను లేపి "మీ వాళ్లు ఏమంటారో చెప్పు" అనొద్దు. నేను చదువుకున్న చోట ఒక మాస్టారు నన్ను అలాగే లేపేవారు. మా మతం మొత్తానికీ నేను జవాబుదారీ అన్నట్టు నలభై మంది నా వైపు తిరిగేవారు. తెలిసిన జవాబు కూడా నోట్లో ఆరిపోయేది. వాళ్లు తమంతట తాము చెయ్యెత్తితే సంతోషంగా వినండి. హదీసును, అంటే ప్రవక్త మాటలూ చేతల గురించి చెప్పుకునే కథనాలను, చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంటే వాళ్లకు బాధ కలగొచ్చు. క్లాసు అయ్యాక పక్కన కూర్చోబెట్టి మాట్లాడండి.

తల్లిదండ్రులు వస్తారు. ఒక తండ్రి నరసన్నపేట వైపు పల్లె నుంచి పొద్దున్నే వచ్చారు. "మా పిల్లకి ఏం నేర్పుతున్నారమ్మా?" అని నిలబడే అడిగారు. నేను వివరించలేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాళ్లమ్మాయి నోట్సు, పాత ప్రశ్నపత్రం చేతికిచ్చాను. వేలు పెట్టి వరుస వరుసా చదివారు. చివరికి "అన్నిటికీ 'అని' అని రాసిందేంటమ్మా?" అన్నారు. చెప్పాను. ఆ అమ్మాయి సెమిస్టర్ పూర్తి చేసింది.

కాబట్టి ప్రశ్నపత్రం జాగ్రత్తగా తయారు చేయండి, మిమ్మల్ని కాపాడేది అదే. "ఇస్లాం గొప్పతనాన్ని వివరించండి" అని అడగొద్దు. "ఇస్లాం బలవంతంగా వ్యాపించిందని నిరూపించండి" అని అంతకన్నా అడగొద్దు. రెండింటిలోనూ జవాబు ప్రశ్నలోనే ఉంది. నేను అడిగేవి ఇలా ఉంటాయి: "మీరు చూసిన గష్త్‌లో వివేకం, బోధ, వాదన మూడింట్లో ఏది కనిపించింది? దేన్ని చూసి అలా అనుకున్నారు?" "ఆర్నాల్డ్, ఈటన్ ఒకే ఊరికి వస్తే ఎవరు ఎవర్ని మొదట పలకరిస్తారు?" నమ్మకానికి మార్కులు లేవు, చూసినదానికీ చూపిన ఆధారానికీ ఉన్నాయి.

ఇంటర్నల్స్‌లో చివరి పది మార్కులకు ఒకటే పని ఇస్తాను: మిమ్మల్ని ఎవరైనా దేనికైనా పిలిచిన రోజు గురించి ఒక పేజీ. గుడికి, చర్చికి, పార్టీ మీటింగుకి, గొలుసుకట్టు స్కీముకి, ఏదైనా సరే. ఎవరు పిలిచారు, ఏ మాటతో, మీరెందుకు వెళ్లారు లేదా వెళ్లలేదు. పోయినేడు ఆమదాలవలస కుర్రాడు స్కీముకి పిలిచిన సొంత బావ గురించి రాశాడు. "బావ నన్ను పిలిచాడు కానీ నేను వెళ్లకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు" అని ఉంది అందులో. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన 'బఖరా 256' అని రాసి కాగితం వెనక్కిచ్చాను.