సాలెపురుగులు లేని ఇల్లు – మూడో పాఠం: పుదీనా నూనెతో గుమ్మం కాపలా

పోయిన పాఠంలో చెప్పిన పని అయ్యాకే ఇది మొదలుపెట్టండి. బూజు కర్రతో మూల మూలా దులపడం, గుడ్ల సంచులు తీసేయడం, కిటికీ చట్రాల సందులు పూడ్చడం, వెంటిలేటర్లకి మెష్ కొట్టించడం, ఇదీ ఆ పని. ఇంకా అవ్వలేదంటే తొందరేం లేదు, ఈ పాఠం ఎక్కడికీ పోదు. దులపని గోడ మీద ఎంత మంచి నూనె కొట్టినా డబ్బు దండగ. గూడు కట్టుకుని, అందులో రోజూ తిండి దొరుకుతున్న సాలెపురుగు నాలుగు చుక్కల వాసనకి ఇల్లు ఖాళీ చేసి పోదు. కొత్తగా రావాలనుకునేదాన్ని గుమ్మం దగ్గర ఆపడానికే ఈ వాసన.

గుడ్ల సంచి సంగతి ఇంకోసారి చెప్తాను, ఎక్కువమంది వదిలేసేది అదే. మన ఇళ్లలో తలుపు వెనకా, అటక మీదా వేలాడే సన్నకాళ్ల సాలెపురుగు గుడ్లని గోడకి అంటించదు, నోటితో పట్టుకుని తిరుగుతుంది. టార్చి వేసి దగ్గరగా చూడండి. చిన్న ముత్యాల గుత్తిలాంటిది దాని ముఖం ముందు కనిపిస్తుంది. కర్ర తగలగానే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది, అది ఎక్కడుందో మన కంటికి ఆనకుండా. ఆ ఊపులో అది కింద పడిపోతే పోయిందిలే అనుకుంటాం. అది గుత్తితో సహా బీరువా కిందకి నడిచిపోతుంది. అందుకే దులిపేటప్పుడు కింద తడిగుడ్డ పరిచి పెట్టుకోమన్నాను.

ఇక ఈ రోజు పాఠం.

సాలెపురుగుకి మనలా ముక్కు లేదు. కాళ్ల మీదుండే సన్నటి వెంట్రుకలతోనే రుచీ, వాసనా పసిగడుతుంది. అంటే అది నడిచే దారిలో వాసన ఉండాలి. గది మధ్యలో అగరొత్తి వెలిగించినా, ఫ్యాను కింద గిన్నెలో ఏదో మరిగించినా ఉపయోగం లేదు. కిటికీ అంచు, తలుపు చట్రం, పైపు గోడలోకి దూరే చోటు, ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ ఉండే సందు, ఇవీ దాని దారులు.

ఏ వాసన? ఇక్కడ ఇంటికొక మాట వినపడుతుంది. నిమ్మచెక్క అంటారు, వెల్లుల్లి అంటారు, వేపనూనె అంటారు. మా అమ్మ ప్రతి సంక్రాంతికీ కిటికీలన్నీ నిమ్మచెక్కతో రుద్దించేది. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో మూడు జాతుల సాలెపురుగుల మీద నిమ్మ నూనె, పుదీనా నూనె రెండూ పరీక్షించారు. నిమ్మ నూనెకి ఏ జాతీ వెనక్కి తగ్గలేదు. పుదీనా నూనెకి మూడింటిలో రెండు జాతులు గట్టిగా దూరం జరిగాయి. అవి మన ఇళ్లలో మామూలుగా కనిపించే జాతులు కావు కాబట్టి మన దగ్గర అచ్చం అలాగే జరుగుతుందని నేను చెప్పను. అయినా డబ్బు పెట్టి కొనేటప్పుడు పరీక్షలో నిలబడ్డదాన్ని కొనడమే మంచిది కదా. అమ్మ నిమ్మచెక్క పని చేయలేదా అంటే, చేసింది. రుద్దడం వల్ల పాత దారాలు, దుమ్ము, చచ్చిన పురుగులు పోయేవి. మేలు చేసింది ఆ రుద్దుడే.

పుదీనా అన్నానని మార్కెట్‌లో కట్ట కొనుక్కొచ్చి మరిగించకండి. మనం పచ్చడి చేసుకునే పుదీనా వేరు, ఆ నూనె తీసే మొక్క వేరు. నోట్లో వేసుకుంటే చల్లగా, ఘాటుగా తగిలే మెంథాల్ ఆ రెండో దాంట్లోనే ఎక్కువ. సీసా మీద పెప్పర్‌మింట్ ఆయిల్ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. పిండివంటల్లో వేసుకునే ఎసెన్స్ కాదు, అసలు నూనె కావాలి. చిన్న సీసా చాలు, రెండు మూడు నెలలు వస్తుంది.

నీళ్లలో నూనె కలవదు. స్ప్రే సీసాలో నీళ్లు పోసి, పైన నూనె వేసి కొడితే ముందు వట్టి నీళ్లు వస్తాయి, చివర్లో చిక్కటి నూనె గోడ మీద మరకలా పడుతుంది. చాలామంది దీనికి గిన్నెలు తోమే లిక్విడ్ కలుపుతారు. నేను కుంకుడుకాయ వాడతాను. ఇంట్లో ఉండేదే, పైగా దాని నురగ నూనెని సన్నటి చుక్కలుగా విడగొట్టి నీళ్లలో పట్టి ఉంచుతుంది.

ఆరు కుంకుడుకాయలు తీసుకుని చితక్కొట్టి గింజలు తీసేయండి. అర లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున్నే చేత్తో బాగా పిసకండి. తేనె రంగు తిరిగి, వేళ్ల మధ్య జిగురుగా జారుతుంటే దిగినట్టు. ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు, ఎంత మండుతుందో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పాత పంచె ముక్కలో రెండుసార్లు వడకట్టండి. పిప్పి ఒక్క నలక మిగిలినా స్ప్రే మూతి మూసుకుపోతుంది.

ఇప్పుడు వడకట్టిన నీళ్లు ఒక గరిటెడు చిన్న గ్లాసు సీసాలోకి తీసుకుని, అందులో పుదీనా నూనె ముప్ఫై చుక్కలు వేసి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా కుదపండి. తేనె రంగు పోయి పలచటి మజ్జిగలా తెల్లబడుతుంది. అది చూసేదాకా ఆపకండి. తెల్లబడిందంటే నూనె కలిసింది. తర్వాత దాన్ని మిగతా కుంకుడు నీళ్లలో పోసి స్ప్రే సీసా నింపుకోండి. కొట్టే ముందు ప్రతిసారీ సీసా కుదపాలి. ఈ నీళ్లు నాలుగు రోజులకి పులిసి వాసనేస్తాయి కాబట్టి నెలకి సరిపడా ఒకేసారి చేసి పెట్టుకోవద్దు.

కొట్టడం సాయంత్రం నాలుగు తర్వాత. మన విజయవాడ ఎండకి మధ్యాహ్నం కొట్టిన వాసన దీపాలు పెట్టే వేళకి మిగలదు. సాలెపురుగులు ఎక్కువగా కదిలేది చీకటి పడ్డాకే. మొదటి రెండు వారాలు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి. మే నెలలో ఈ లెక్క ఆగదు, రోజు మార్చి రోజు కొట్టాల్సి వస్తుంది. గోడ తడిసి కారేలా కొట్టక్కర్లేదు, అంచు మీద తేమ మెరిస్తే చాలు. డిస్టెంపర్ వేసిన గోడైతే ముందు బీరువా వెనక చేతి వెడల్పు మేర కొట్టి, ఆరాక మరక పడిందేమో చూసుకోండి. స్విచ్ బోర్డులు, మీటరు బాక్సు జోలికి స్ప్రేతో అసలు వెళ్లొద్దు.

తడి తగలకూడని చోట, అంటే బట్టల బీరువా, పుస్తకాల అర, చెప్పుల స్టాండు వెనక, పుదీనా పువ్వు పెట్టుకోవచ్చు. మూలికల కొట్టులో ఆ పేరుతో అడిగితే గాజు పుల్లల్లాంటి తెల్లటి పలుకులు ఇస్తారు. అది మెంథాలే. రెండు మూడు పలుకులు పలచటి గుడ్డలో మూటకట్టి మూలన పెడితే మెల్లగా దానంతట అదే ఆవిరైపోతుంది. మూట పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇది శ్రద్ధగా చదవండి. సహజం అన్నంత మాత్రాన హాని లేదని కాదు. రెండేళ్ల లోపు పిల్లలు పడుకునే గదిలో పుదీనా నూనె, నీలగిరి తైలం, కర్పూరం ఏవీ వాడొద్దు. ఆ ఘాటు పసిపిల్లలకి ఊపిరి పట్టేస్తుంది. కర్పూరం బిళ్ల మింగితే పిల్లలకి ఫిట్స్ వస్తాయి, అది మిఠాయిలా తెల్లగా ఉంటుంది కూడా. ఇంట్లో పిల్లి ఉంటే ఈ నూనెలు మానేయండి, పిల్లి ఒంటికి వీటిని అరిగించుకునే శక్తి లేదు. అలాంటి ఇళ్లలో బూజు కర్ర, తడిగుడ్డ, మెష్ చాలు, నిజంగా చాలు. నాఫ్తలీన్ ఉండలు చాలామంది ఇదే జాబితాలో వేస్తారు కానీ అవి సహజమూ కావు, పసిపిల్లలున్న ఇంటికి మంచివీ కావు.

వెనిగర్ గురించి కూడా అడుగుతుంటారు. గుంటూరు బ్రాడీపేటలో మా అక్కయ్య వాళ్ల పాత ఇంటికి నాపరాళ్ల నేల. గడపల దగ్గర వెనిగర్ నీళ్లు కొట్టింది. నాలుగోసారికి నల్లటి రాయి మీద తెల్లటి మచ్చలు లేచాయి, ఎంత తుడిచినా పోలేదు. నాపరాయి సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. పాలరాయి కూడా అంతే. మీ నేల ఈ రెండింటిలో ఏదైనా అయితే వెనిగరూ నిమ్మరసమూ దగ్గరికి రానివ్వకండి.

ఆ ఇంట్లోనే జరిగిన ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. గుంటూరులో మిరపకాయకి కొదవేముంది, కారం నీళ్లు కొడితే ఏ పురుగూ నిలవదని ఎవరో చెప్తే, నేనే కాచి వడకట్టి కిటికీలకి కొట్టాను. ఆరాక ఎవరో ఫ్యాను వేశారు. పొడిగా మిగిలిన కారం గాల్లోకి లేచింది. మా అక్కయ్య కూతురికి అప్పుడు ఆరేళ్లు, రాత్రంతా దగ్గుతూనే ఉంది, కళ్లు వాచిపోయాయి. దయచేసి ఇంటి లోపల కారం నీళ్లు కొట్టకండి.

వేపనూనె నాకు తోట మొక్కలకే ఇష్టం. సున్నం గోడ మీద పసుపు మరక దిగుతుంది, వాసన మనల్నే ముందు బయటికి పంపిస్తుంది.

ఇక దీపం సంగతి. మా ఇల్లు కృష్ణలంకలో, అటు కృష్ణ, ఇటు బందరు కాలువ. దీపం పెడితే చాలు నీటి పురుగులన్నీ వరండాలోనే. తొలకరికి ఉసిళ్లు, వరి చేలు కోతకొచ్చే రోజుల్లో పచ్చ దీపపు పురుగులు. సాలెపురుగు మన కోసం రాదు, వీటి కోసం వస్తుంది. వరండాలో తెల్ల ట్యూబ్‌లైటు తీసి పసుపు రంగు బల్బు వేశాక పురుగులు తగ్గాయి, ఆ తర్వాతే నా స్ప్రే ఫలితం కనిపించింది. అంతకు ముందు వారానికి రెండుసార్లు కొట్టినా, రెండో రోజుకి మళ్లీ గూడు కట్టి ఉండేది.

దీపం పురుగుల్లోనే ఇంకొకటుంది. నారింజ, నలుపు పట్టీలతో చీమలా సన్నగా ఉంటుంది. మెడ మీద వాలితే నలిపేస్తాం, పొద్దున్నకి గీత గీసినట్టు కాలిన బొబ్బలు. సాలెపురుగు పాకిందని అంటాం కానీ చాలాసార్లు అది ఈ పురుగు రసం చేసే పని. నలపకుండా ఊది తోసేసి, తగిలిన చోట వెంటనే సబ్బుతో కడగండి. బొబ్బలు ఒక పక్కనే గుంపుగా లేచి నొప్పి పెడుతుంటే అది సర్పి కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

ఎంత చేసినా ఒకటీ అరా లోపలికి వస్తుంది. రాత్రి వంటింటి గోడ మీద అరచేయంత చదునైన సాలెపురుగు కనిపిస్తే చీపురు ఎత్తకండి. అది బొద్దింకల్ని తింటుంది. మా అత్తయ్య గారు దాన్ని చంపనిచ్చేవారు కాదు, శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరమే సాలెపురుగుది అనేవారు. పెద్ద గాజు గ్లాసు నెమ్మదిగా దాని మీద బోర్లించండి. గ్లాసుకీ గోడకీ మధ్య పాత పెళ్లి శుభలేఖ అట్టని జరుపుతూ పోనివ్వండి. కాళ్లు నలగకుండా అది తనే అట్ట మీదికి ఎక్కేదాకా ఆగాలి. తర్వాత పెరట్లో, ఇంటికి దూరంగా ఉన్న చెట్టు మొదట్లో వదలండి.

ఈ వారం అభ్యాసం. ఒకే గోడకున్న రెండు కిటికీలు ఎంచుకోండి. రెండూ ఒకే రోజు శుభ్రంగా తుడవండి. ఒకదానికి మనం చేసిన పుదీనా నీళ్లు, రెండోదానికి వట్టి కుంకుడు నీళ్లు, మూడు రోజులకోసారి కొట్టండి. ఏ కిటికీకి ఏది కొట్టారో క్యాలెండర్ మీద రాసుకోండి. రోజూ పొద్దున్నే టార్చి వేసి, కొత్త దారం ఎక్కడ పడిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. పన్నెండు రోజులయ్యాక ఏ కిటికీకి ఎన్ని గీతలో లెక్కపెట్టి, ఒక కాగితం మీద రాసి దాచి ఉంచండి. నాలుగో పాఠంలో మోటారు గది, మేడమెట్ల కింద చోటు చూస్తాం. అక్కడ ఎంత నూనె పట్టాలో ఈ గీతల్ని బట్టే లెక్క కడతాం.