స్నేహితురాలికి రంగుల క్రోషె సంచి నేర్పుతుంటే వచ్చే ఇబ్బందులు, సరిచేసే దారులు

కొత్తగా అల్లేవారి సంచిలో తేడా కంటపడే వరుస ఒకటి, అది పుట్టిన వరుస ఇంకొకటి. కాబట్టి విప్పేముందు రెండు మూడు వరుసలు కిందికి చూడండి. సూది మాత్రం ఆమె చేతిలోనే ఉండనివ్వండి. మీరు తీసుకుని అల్లేస్తుంటే సంచి తయారవుతుంది గానీ ఆమెకు చెయ్యి తిరగదు.

ఇక్కడ చెప్పేదంతా గుండ్రటి అడుగుతో, సింగిల్ క్రోషెతో (కింది కుట్టులోంచి దారం లాగి, సూది మీది రెండు లూపుల్లోంచి ఒకేసారి తీసే పొట్టి కుట్టు) అల్లే సంచి గురించి.

సూది కుట్టులోకి దూరడం లేదు

దారం గట్టిగా లాగుతున్నావని ఆమెను తొందరపడి అనకండి. లూపు ఎక్కడ బిగుస్తోందో చూడండి. చాలాసార్లు అది కొక్కెం పక్కన సన్నగా ఉండే మెడ దగ్గరే బిగుస్తుంది. కాస్త వెనక్కి, లావుగా ఉండే కాడ మీదికి జరిపి అల్లమనండి. అప్పటికీ బిగుతుగా ఉంటే 4 మి.మీ. సూది బదులు 4.5 మి.మీ.ది ఇవ్వండి. ఇంట్లో ఉంది కదా అని నరసాపురం లేసు అల్లే సన్నటి సూదితో మొదలుపెట్టించకండి. సంచికి వాడే లావు దారాన్ని అది పోగులు పోగులుగా చీలుస్తుంది.

అడుగు సమంగా పరుచుకోవడం లేదు

ఇక్కడ ఎంత ఓపిక పట్టినా తక్కువే, సంచి ఆకారమంతా అడుగులోనే తేలిపోతుంది. మొదటి చుట్టులో 6 కుట్లు. ఆపైన చుట్టుకు 6 చొప్పున పెరుగుతూ 12, 18, 24, 30 రావాలి. అంచు గిన్నెలా పైకి లేస్తే పెంపు (ఒకే కుట్టులో రెండు వేయడం) తగ్గింది, కుచ్చుళ్లు పడితే మించింది. నాలుగో చుట్టునే తీసుకోండి: రెండు కుట్లు మామూలుగా వేసి, మూడోదానిలో రెండు వేయాలి. అలా ఆరుసార్లు. బల్ల మీద పరిచి, ఒక్కో కుట్టునూ వేలితో తాకుతూ ఆమెనే లెక్కపెట్టమనండి. 24 బదులు 22 వస్తే రెండుచోట్ల పెంచడం మరిచిందన్నమాట. ఆ చుట్టు వరకే విప్పితే చాలు.

లెక్క తప్పడానికి అసలు కారణం చుట్టు ఎక్కడ మొదలైందో తెలియకపోవడం. ప్రతి చుట్టులో మొదటి కుట్టుకు పిన్నీసు తగిలించమనండి. లెక్క సరిపోయినా గిన్నెలాగే ఉంటే బిగుతు వల్లే, సూది మార్చండి. అడుగు చాలినంత అయ్యాక పెంపు ఆపితే గోడ దానంతటదే లేస్తుంది.

కొత్త రంగు మొదట్లో పాత రంగు చుక్క

కుట్టు పూర్తయ్యాక రంగు మార్చడం వల్ల ఇలా అవుతుంది. ఒక కుట్టు తల పక్క కుట్టు నెత్తిన కూర్చుంటుంది మరి. పాత రంగు ఆఖరి కుట్టులో, సూది మీద రెండు లూపులు మిగిలినప్పుడే కొత్త దారం అందుకుని లాగాలి.

రంగులు మారే చోట గోడ ముడతలు

ఆ చోట వాడని రంగు దారాన్ని కుట్ల లోపలే మోసుకెళ్తాం కదా, అది బిగిసింది. రంగు మార్చిన ప్రతిసారీ గోడను రెండు చేతులతో అడ్డంగా సాగదీస్తే కావలసినంత దారం వదులవుతుంది. అల్లేశాక సరిచేయడం కష్టం, విప్పాల్సిందే.

ఉతికితే ఎరుపు తెలుపుకు అంటుతోంది

అల్లకముందే ముదురు రంగు దారం ముక్కను తడి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు దిగితే ఆ దారం తెలుపు పక్కన వద్దు.

పట్టీ మోకాళ్ల దాకా సాగింది

సన్నటి అల్లిక బరువుకు సాగడం సహజం. రెండు అంచుల వెంబడీ స్లిప్ కుట్టు (అంచులోంచి లాగిన దారాన్ని సూది మీది లూపులోంచి కూడా ఒకేసారి తీసేది) వేయించండి, లేదా లోపలి వైపు గుడ్డ పట్టీ కుట్టించండి. పట్టీ కొనలు సంచి అంచు దగ్గరే ఆగకుండా మూడు నాలుగు వరుసలు కిందికి దిగేలా కలపాలి. అప్పుడు కూరగాయల బరువు ఒక్క వరుస మీదే పడదు.