మన మనిషి రిమాండుకు వెళ్తే: ఇంట్లోవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

స్టేషన్ నుంచి ఫోను రాగానే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు పరిగెడతారు. ఒకరు నాయకుడి ఇంటికి వెళ్తే, ఇంకొకరు తెలిసిన కానిస్టేబుల్ దగ్గరికి, మరొకరు ఎవరో చెప్పిన వకీలు దగ్గరికి వెళ్తారు. ఈ హడావిడిలో మేజిస్ట్రేట్ ముందు చెప్పాల్సిన మాటలు చెప్పకుండానే రిమాండు అయిపోతుంది. ఆ రోజు కాగితం మీదకు ఎక్కని విషయాన్ని తర్వాత ఎక్కించడానికి వారాలు పడుతుంది. అందుకే మొదటి 24 గంటల సంగతి కాస్త ఎక్కువగా చెబుతున్నాం.

మేజిస్ట్రేట్ ముందుకు తెచ్చేలోపు

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం కాకుండా, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. పోలీసులు ఆ లెక్క చూపించేది అరెస్టు మెమోలో (అరెస్టు వివరాలు రాసే కాగితంలో) రాసిన టైము నుంచి. ఆ మెమో మీద ఇంట్లోవాళ్లో, ఆ ఊళ్లో గౌరవం ఉన్నవాళ్లో ఎవరో ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. సంతకం పెట్టే ముందు తేదీ, టైము చదవండి. పొద్దున ఆరింటికి తీసుకెళ్లి సాయంత్రం నాలుగని రాసి ఉంటే ఆ సంగతి వెంటనే వకీలుకు చెప్పండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా లేదా అన్నది కూడా వకీలు చూడాలి.

ఇక ఆరోగ్యం. షుగర్, బీపీ, ఫిట్స్, ఆస్తమా, గుండె జబ్బు, మానసిక జబ్బు మందులు వాడే మనిషైతే డాక్టరు చీటీ, పాత రిపోర్టులు, వారానికి సరిపడా మందులు వాటి అసలు స్ట్రిప్పులతోనే కోర్టు దగ్గరికి పట్టుకెళ్లండి. విడి మాత్రలు పొట్లం కడితే గేటు దగ్గర ఆపేస్తారు, అవేం మాత్రలో వాళ్లకు తెలిసే దారి లేదు. వకీలు కోర్టులో ఒక మెమో (విన్నపం కాగితం) వేసి, ఫలానా మందులు ఇవ్వాలని మేజిస్ట్రేట్ చేత రాయించాలి. నోటిమాటగా ఎస్కార్టు కానిస్టేబుల్‌కు చెప్పిన మాట జైలు డాక్టరు దాకా చేరుతుందని నమ్మకం లేదు.

రోజూ తాగే అలవాటున్న మనిషైతే సిగ్గుపడి దాచకండి. ఒక్కసారిగా తాగుడు ఆగిపోతే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా చేతులు వణకడం, లేనివి కనబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం జరగొచ్చు. దాన్ని నాటకం అనుకుని వదిలేస్తే ప్రాణం మీదకు వస్తుంది. రోజుకు ఎంత తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో చీటీ మీద రాసి వకీలుకు ఇవ్వండి.

ఒంటి మీద దెబ్బలుంటే అవి చెప్పాల్సింది కూడా మేజిస్ట్రేట్‌కే. చెప్పే ధైర్యం అతనికి ఉండకపోవచ్చు కాబట్టి వకీలు ముందే అడిగి తెలుసుకోవాలి.

శుక్రవారం సాయంత్రమో, సంక్రాంతి, దసరా సెలవుల ముందో అరెస్టయితే రిమాండు మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరే అయిపోతుంది, బెయిల్ పిటిషన్ మాత్రం కోర్టు తెరిచేదాకా విచారణకు రాదు. అందుకని హాజరుపరిచినప్పుడే వకాల్తాల (వకీలుకు అధికారమిచ్చే కాగితాల) మీద అతని సంతకాలు తీసుకోండి. మేజిస్ట్రేట్ కోర్టుకొకటి, సెషన్స్ కోర్టుకొకటి, హైకోర్టుకొకటి, మొత్తం మూడు. లేకపోతే వకాల్తా జైలుకెళ్లి, అధికారి ధ్రువీకరణతో తిరిగిరావాలి. దానికే రెండు మూడు రోజులు పోతాయి.

ఉంగరం, గొలుసు, పర్సు అక్కడే అడిగి, రాయించుకుని తీసుకోండి.

మన మనిషికి 18 నిండలేదనుకుంటే ఆ మాట మొదటి రోజే చెప్పాలి. అలాంటి పిల్లల్ని జైల్లో పెట్టకూడదు. స్కూలు సర్టిఫికెట్ గానీ పదో తరగతి మెమో గానీ తెండి. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం పనికొస్తుంది. వయసు రుజువుకు ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. పసిబిడ్డ తల్లి రిమాండుకు వెళ్తే ఆరేళ్ల లోపు బిడ్డను తనతో ఉంచుకోవచ్చు. ఈ సంగతి సుప్రీంకోర్టు 2006లో తేల్చింది, ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ మీద వేసిందే.

ఒక ఫైలు, ఒక మనిషి, ఒక వకీలు

ఇంట్లో ఒక్కరినే ఈ పనికి పెట్టుకోండి. ఆ మనిషి చేతిలో ఒక ఫైలు ఉండాలి. మొదటి పేజీ మీద పోలీస్ స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, రిమాండు తేదీ, తర్వాతి వాయిదా, రిమాండ్ ఖైదీ నంబరు రాసుకోండి. ఎక్కడికి వెళ్లినా ముందు అడిగేవి ఇవే.

ఇద్దరు వకీళ్లను పెట్టి ఇద్దరి చేతా బెయిల్ పిటిషన్లు వేయించడం మంచి మనసుతో చేసే పెద్ద తప్పు. అంతకుముందు వేసిన పిటిషన్లన్నిటి వివరం కొత్త పిటిషన్‌లో చెప్పాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు వేస్తే కోర్టు దాన్ని దాచిపెట్టడంగానే చూస్తుంది, వచ్చే బెయిల్ కూడా చెడుతుంది. వకీలును మార్చాలనుకుంటే మార్చండి, పాత వకీలు దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుని మరీ.

ఫీజు ఇచ్చే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోను నంబరు 15100. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత వకీలు ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జైల్లోంచి అతనూ అడగొచ్చు.

ఇంకో మాట. 'లోపల మీవాణ్ణి బాగా చూసుకుంటాం, ఈ నంబరుకు డబ్బు కొట్టండి' అని ఫోను వస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. డబ్బు జైలు ఆఫీసు చెప్పిన పద్ధతిలో, అతని క్యాంటీన్ ఖాతాకు మాత్రమే కట్టి రసీదు తీసుకోండి.

అతను ప్రభుత్వ ఉద్యోగి అయితే, కస్టడీ 48 గంటలు దాటాక సస్పెన్షన్ తప్పదు. దానికి బెదిరి, సంతకం తీసుకుని రాజీనామాలు రాయించకండి.

గేటు దగ్గర

ములాఖత్ (జైల్లో ఉన్నవాణ్ణి కలవడం) ఏ రోజు, ఎన్ని గంటలకు, వారానికి ఎన్నిసార్లు అన్నది సబ్ జైలుకూ సెంట్రల్ జైలుకూ ఒకేలా ఉండదు. మొదటిసారి వెళ్లే ముందే కనుక్కోండి. జాతీయ ప్రిజన్స్ పోర్టల్‌లో ఈ-ములాఖత్ కింద ముందుగా పేరు నమోదు చేసుకునే వీలుంది. దానికి ఖైదీ పేరు, తండ్రి లేదా భర్త పేరు రికార్డులో ఉన్నట్టే రాయాలి. వచ్చేవాళ్లంతా అసలు ఆధార్ తెచ్చుకోవాలి.

బట్టలు రెండు జతలు చాలు. నాడాలు, బెల్టులు, లేసులున్న బూట్లు, జేబుల నిండా జిప్పులున్న ప్యాంట్లు వెనక్కి తిరిగొస్తాయి. ఇంటి భోజనం కోర్టు అనుమతి ఉంటే తప్ప చాలాచోట్ల లోపలికి వెళ్లదు. తెచ్చే ప్రతి వస్తువునూ ఇంటి దగ్గరే ఒకసారి విదిలించి, మడతలు విప్పి చూసుకోండి. క్యూలో పక్కనున్న మనిషి 'ఈ సంచి కూడా మా తమ్ముడికి ఇవ్వవా అక్కా' అంటే ఎంత జాలేసినా పట్టుకోవద్దు. అందులో ఖైనీ పొట్లమో, సిమ్ కార్డో ఉంటే కేసు మీ మీద పడుతుంది.

వల అవతల ఆ పక్క పదిమంది, ఈ పక్క పదిమంది ఒకేసారి అరుస్తుంటారు. ఉన్న కాసిన్ని నిమిషాలు ఏడుపులో పోతాయి. అరచేతిలో పట్టేంత చీటీ మీద అయిదు మాటలు రాసుకుని వెళ్లండి. మొదట వాయిదా తేదీ, వకీలు ఏం చేస్తున్నాడో చెప్పండి. లోపలున్నవాణ్ణి అన్నిటికన్నా ఎక్కువగా తినేసేది బయట ఏం జరుగుతోందో తెలియకపోవడమే. తర్వాత మందులు అందుతున్నాయా, నిద్ర పడుతోందా, ఎవరైనా కొడుతున్నారా, డబ్బు గుంజుతున్నారా అని అడగండి. కేసు గురించి, సాక్షుల గురించి ఒక్క మాట వద్దు. ఉత్తరాలు తెరిచి చదువుతారు, జైలు ఫోను వింటారు. కేసు మాటలు వకీలుతోనే చెప్పించండి. విచారణ ఖైదీ తన వకీలుతో వేరేవాళ్లు వినకుండా మాట్లాడుకునే ఏర్పాటు జైళ్ల చట్టంలోనే ఉంది.

'ఇంక మీరు రావద్దు', 'పిల్లల్ని నువ్వే చూసుకో' అని పదేపదే అంటున్నా, తిండి మానేశాడని తెలిసినా, ఆ రోజే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. జైల్లో మొదటి వారం చాలా ప్రమాదమైన రోజులు. ఇంట్లోవాళ్ల మనసు కూడా తట్టుకోలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రోజులు లెక్కపెట్టండి

రిమాండు ఒక్కసారికి 15 రోజులు మించదు, మామూలుగా 14 రోజులకు ఇస్తారు. పొడిగింపులు తరచు వీడియోలో జరుగుతాయి కాబట్టి చూడొచ్చని కోర్టుకు వెళ్లి నిరాశపడకండి.

క్యాలెండరులో గుర్తు పెట్టాల్సింది చార్జిషీటు గడువు. పదేళ్లు, అంతకు మించిన శిక్ష ఉండే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. గంజాయి కేసులో సరుకు 20 కిలోలు దాటితే 180. లెక్కలో రిమాండు చేసిన రోజు కూడా ఉంటుంది. జూన్ 1న రిమాండైతే 60 రోజులు జూలై 30తో నిండుతాయి. చార్జిషీటు రాకపోతే జూలై 31 పొద్దున్నే వకీలు మాండేటరీ బెయిల్ (గడువు దాటినందుకు హక్కుగా వచ్చే బెయిల్) పిటిషన్ వేసి తీరాలి. మధ్యాహ్నం దాకా ఆగితే, ఈలోపు చార్జిషీటు పడితే, ఆ హక్కు పోయినట్టే. జామీనుదారులు ఆ రోజుకు సిద్ధంగా ఉండాలి.

జామీను, విడుదల

బెయిల్ ఆర్డరు వచ్చిందని అప్పుడే స్వీట్లు పంచకండి. ఇద్దరు జామీనుదారులు కావాలంటే మూడో మనిషిని కూడా సిద్ధంగా ఉంచండి, ఆఖరి రోజు ఒకరు వెనక్కి తగ్గడం మామూలే. ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్, ఉద్యోగి అయితే జీతం స్లిప్పు, తహసీల్దార్ ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి విలువ చెప్పే కాగితం), వీటిలో ఏది కావాలో బెంచ్ క్లర్కును ముందే అడగండి. జామీనుదారు తాను ఇంతకుముందు ఎవరెవరికి జామీను ఉన్నాడో ప్రమాణపత్రంలో చెప్పాలి. కోర్టు బయట డబ్బుకు జామీను నిలబడేవాళ్ల జోలికి పోవద్దు, కాగితాలు దొంగవని తేలితే కొత్త కేసు మీ ఇంటికే వస్తుంది.

ఆర్డరు వచ్చి వారం దాటినా జామీను కట్టలేక లోపలే ఉంటే, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఆ విషయం రాసి ఇవ్వండి. పేద ఖైదీలకు 2023లో కేంద్రం పెట్టిన పథకం కింద, అర్హత ఉంటే, విచారణ ఖైదీకి డబ్బు సాయం వస్తుంది.

విడుదలకు ముందు రోజే ఇంకో స్టేషన్ నుంచి పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో కోర్టుకు తెమ్మనే ఆర్డరు) ఉందేమో వకీలు చేత కనుక్కోండి. ఉంటే గేటు తెరవరు. రిలీజ్ ఆర్డరు సాయంత్రం లాకప్ అయ్యాక చేరితే మర్నాడే బయటకు వస్తాడు. జైలు దగ్గరికి పోగై వెళ్లకండి, ఇద్దరు చాలు, అందులో ఒకరి సంచిలో మందులు ఉండాలి. వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలన్న కండిషన్ ఉంటే ఆ ఆర్డరు కాపీ ఇంట్లో గోడకు అంటించండి. సంతకం తప్పిపోతే బెయిల్ రద్దుకు పోలీసులు పిటిషన్ వేయొచ్చు. ఒంట్లో బాగోక వెళ్లలేకపోతే అదే రోజు డాక్టరు సర్టిఫికెట్‌తో వకీలును కలవండి.